పెప్పర్ స్ప్రే: ఏ రకం కొనాలి, లైసెన్సు ఎక్కడ కావాలి

అందరూ అడిగే ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పేస్తాను. నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా ఆత్మరక్షణ కోసం పెప్పర్ స్ప్రే కొని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. తుపాకీకి ఉన్నట్టు దీనికంటూ ఒక లైసెన్సు పద్ధతి మన దేశంలో లేదు. స్టేషన్‌కు వెళ్లి అర్జీ పెట్టుకునే పని లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే ఇంటికే వస్తుంది. ధర కూడా చాలావరకు రెండు వందల నుంచి ఐదారు వందల లోపే.

నేను కావలిలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతాను. మా పిల్లల్లో చాలామంది బిట్రగుంట, అల్లూరు, ఉలవపాడు, కందుకూరు వైపు నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లే. 2025 ఆగస్టు 15న ఆర్టీసీ బస్సుల్లో స్త్రీశక్తి ఉచిత ప్రయాణం మొదలయ్యాక కోచింగుల కోసం నెల్లూరు దాకా, ఒంగోలు దాకా వెళ్లే ఆడపిల్లలు ఇంకా పెరిగారు. టికెట్ ఖర్చు లేకపోవడం ఎంతో మేలు. అయితే రాత్రి ఎనిమిదింటికి బస్సు దిగి, ఊళ్లోకి కిలోమీటరు నడవాల్సిన పిల్లకు ఆ కిలోమీటరే అసలు టెన్షన్. అందుకే స్ప్రే మాట వస్తుంది. తల్లులు ఫోన్ చేసి, "మేడమ్, పర్మిషన్ లేకుండా పెట్టుకుంటే కేసవుతుందా?" అని అడుగుతారు. అదే తల్లి రెండేళ్ల తర్వాత అమ్మాయిని ఎమ్మెస్‌కు పంపిస్తూ, "సూట్‌కేసులో వేసి పంపించమంటారా?" అంటుంది. మొదటిదానికి జవాబు "భయం లేదు, పెట్టుకోనివ్వండి". రెండోదానికి జవాబు "వద్దు, ఆ దేశం రూలు చూడకుండా వెయ్యొద్దు".

ఏ రకం కొనాలన్నది మీరు తిరిగే దారిని బట్టి తేలుతుంది. అసలు కొనొచ్చా లేదా అన్నది మీరుండే దేశాన్ని బట్టి, అమెరికాలో అయితే రాష్ట్రాన్ని బట్టి తేలుతుంది. ఈ రెండూ కలిపి చూడకపోతే డబ్బులు దండగ, కొన్ని చోట్ల కేసు కూడా.

డబ్బా మీద అంకెలు

స్ప్రేలో ఉండేది మిరపకాయల నుంచి తీసిన సారం. దాని పేరు ఒలియోరెసిన్ క్యాప్సికమ్, డబ్బా మీద క్లుప్తంగా ఓసీ అని ఉంటుంది. అందులో మంట పుట్టించే పదార్థం క్యాప్సైసిన్. ముఖం మీద పడితే కళ్లు వాటంతటవే మూసుకుపోతాయి, దగ్గు వస్తుంది, ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది. ఈ బాధ సుమారు 20 నుంచి 45 నిమిషాలు ఉంటుంది. మామూలుగా అయితే తర్వాత తగ్గిపోతుంది, ఆస్తమా ఉన్నవాళ్లకు మాత్రం ప్రమాదం కావచ్చు.

ఘాటును స్కోవిల్ అనే కొలతలో చెబుతారు. గుంటూరు సన్నం మిర్చిది 35 నుంచి 40 వేల దాకా ఉంటుంది. శుద్ధమైన క్యాప్సైసిన్‌ది కోటీ 60 లక్షలు. కొన్ని డబ్బాల మీద "20 లక్షల స్కోవిల్" అని పెద్దక్షరాలతో వేస్తారు. దాన్ని చూసి కొనకండి. చాలాసార్లు అది డబ్బాలో కలపకముందు ఆ మిర్చి సారానికి ఉన్న ఘాటు, నొక్కినప్పుడు బయటికొచ్చే ద్రవానిది కాదు. "10 శాతం ఓసీ" అన్నదీ అంతే, నాసిరకం సారం ఎక్కువ పోసినా శాతం పెద్దదిగానే కనిపిస్తుంది. నిజంగా పనికొచ్చే అంకె మొత్తం క్యాప్సైసినాయిడ్ల శాతం, అంటే క్యాప్సైసిన్, దాని లాంటి మంట పుట్టించే పదార్థాలన్నీ కలిపి ఎంత ఉన్నాయన్నది. అమెరికాలో మామూలు జనానికి అమ్మే డబ్బాల్లో అది చాలావరకు 0.18 నుంచి 1.33 మధ్య ఉంటుంది. మన దగ్గర దొరికేవాటిలో ఆ అంకె వేసినవి తక్కువ. వేసింది కనిపిస్తే ఇంకో నూరు రూపాయలు ఎక్కువైనా దానికే నా ఓటు.

తయారీ తేదీ, గడువు తేదీ తప్పనిసరిగా చూడండి. ఈ డబ్బాలకు మామూలుగా రెండు నుంచి నాలుగేళ్ల ఆయుష్షు. మిర్చి సారం పాడవ్వకపోయినా లోపలి గ్యాస్ ఒత్తిడి మెల్లగా తగ్గిపోతుంది, అప్పుడు నొక్కితే రెండడుగుల దూరం కూడా పోదు. ఇది మన వైపు వాళ్లకు ఇంకా ముఖ్యం. ఒత్తిడితో నింపిన ఏ డబ్బానైనా 50 డిగ్రీలకు మించిన వేడిలో పెట్టొద్దని రాసి ఉంటుంది. రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే ఎండకు నెల్లూరు బస్టాండు ముందు నిలబెట్టిన స్కూటీ డిక్కీ లోపల ఎంత వేడి ఉంటుందో చెయ్యి పెట్టిన ఎవరికైనా తెలుసు. స్ప్రే డిక్కీలో వద్దు, కారు డాష్‌బోర్డు మీద అసలే వద్దు.

పొగలా, ధారలా, జెల్‌లా

కొనేటప్పుడు అందరూ ఘాటు గురించి, సైజు గురించి అడుగుతారు. బయటికి ఎలా వస్తుందన్నది అడిగేవాళ్లు అరుదు. నా లెక్కలో అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే.

పొగలా వెడల్పుగా పరుచుకునే రకం ఆరు నుంచి పదడుగుల లోపు పనిచేస్తుంది. గురి సరిగా చూసుకోకపోయినా ముఖానికి తగులుతుంది, చేతులు వణికే సమయంలో అది పెద్ద లాభం. నష్టమల్లా గాలి. మనది కోస్తా, సాయంత్రమైతే సముద్రం నుంచి గాలి తోస్తూనే ఉంటుంది. ఒకసారి గడువు దాటిన డబ్బా ఒకటి తీసుకుని, మా కాలేజీ వెనక ఖాళీ స్థలంలో కొబ్బరిచెట్టుకు గోనెసంచి కట్టి, పిల్లల చేత నొక్కించి చూశాం. గాలికి వీపు పెట్టి నిలబడ్డ అమ్మాయి నొక్కితే సంచి మీద అరచేయంత మరక నారింజ రంగులో పడింది. అదే డబ్బాతో ఇంకో అమ్మాయి తూర్పుకు తిరిగి నొక్కింది. సంచి మీద నాలుగు చుక్కలు పడ్డాయి, మిగతాదంతా పక్కకు తేలి వెనక్కొచ్చింది. కర్చీఫు కట్టుకుని దూరంగా నిలబడినా మేమందరం దగ్గాం.

మూసి ఉన్న చోట పొగ రకం వాడితే ఏమవుతుందో తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. 2014 ఫిబ్రవరి 13న తెలంగాణ బిల్లు పెట్టిన రోజు లోక్‌సభలో విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే కొట్టారు. సభంతా దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ బయటికి పరుగెత్తింది, కొందరు ఎంపీలను ఆసుపత్రికి తీసుకెళ్లారు. అంత పెద్ద హాల్లోనే అలా అయితే షేర్ ఆటోలో, కిక్కిరిసిన పల్లెవెలుగు బస్సులో కొడితే పక్కనున్న ముసలమ్మ, ఒళ్లో ఉన్న పసిబిడ్డ, నొక్కిన అమ్మాయి, డ్రైవరు, అందరూ చిక్కుతారు. నడుస్తున్న ఆటోలో డ్రైవరుకు కళ్లు మూసుకుపోతే ఏమవుతుందో ఆలోచించండి. బస్సులో, ఆటోలో అల్లరి చేసేవాడికి మందు గట్టిగా అరవడం, కండక్టరును పిలవడం, బండి ఆపించడం. స్ప్రే ఆఖరి మాట.

ధారలా వచ్చే రకం పది నుంచి పదిహేను అడుగుల దాకా పోతుంది. గాలికి అంతగా చెదరదు. కాకపోతే కళ్ల మీదకు గురి పెట్టాలి, అందుకు కొంచెం అలవాటు కావాలి. నీళ్లు నింపిన ప్రాక్టీసు డబ్బాలు కూడా ఉంటాయి. అవి దొరక్కపోతే కొన్న డబ్బానే ఒకసారి ఆరుబయట అర సెకను నొక్కి చూసుకోండి, ఎంత దూరం పోతుందో, బటన్ ఎంత గట్టిగా ఉందో తెలుస్తుంది.

జెల్ రకం ఇంకా దూరం పోతుంది, కొన్ని పద్దెనిమిది అడుగుల దాకా. చిక్కగా అంటుకుంటుంది, గాలికి తేలదు, పక్కవాళ్లకు దాదాపు ఇబ్బంది ఉండదు. ఊపిరి ఆడకుండా చేసే గుణం మాత్రం పొగకంటే తక్కువ, సరిగ్గా కంట్లో పడితేనే ఫలితం. ధర ఎక్కువ, మన ఊళ్లలో దొరకడమూ కష్టం.

కోస్తాలో ఉండి, బస్సు దిగి ఊళ్లోకి నడిచే అమ్మాయికి నేను ధార రకమే చెబుతాను. ఒకే డబ్బా అన్నిటికీ పనికిరాదు గానీ మన గాలికి, మన దారులకు ఇదే ఎక్కువసార్లు పనికొస్తుంది. పైగా వీధికుక్కలు మీదకొచ్చినప్పుడు కూడా దూరం నుంచే ఆపొచ్చు. నిజానికి మా పిల్లల్లో చాలామందికి మనుషులకంటే కుక్కల భయమే రోజూ ఉండేది.

సైజు సంగతి. 35, 55, 100 మిల్లీలీటర్ల డబ్బాలు దొరుకుతాయి. పెద్దది కొంటే ఎక్కువ రక్షణ అనుకోవద్దు. గుప్పిట్లో పట్టని డబ్బాను బ్యాగు అడుగున వేస్తారు, దాంతో ఉన్నా లేనట్టే. ఒక అమ్మాయిని "ఇప్పుడే తియ్యి చూద్దాం" అంటే టిఫిన్ బాక్సు, నీళ్ల సీసా, రికార్డు పుస్తకం, గొడుగు ఒక్కొక్కటీ బెంచీ మీద పెడుతూ పోయింది. డబ్బా ఆఖరున వచ్చింది, మూత మీద ప్లాస్టిక్ సీలు కూడా ఇంకా తియ్యలేదు. చిన్నది కొని, తాళాలగుత్తికో బ్యాగు పట్టీకో తగిలించుకోండి. నిర్మానుష్యమైన దారిలోకి దిగేముందే చేతిలోకి తీసుకోండి. బొటనవేలితో తిప్పితే తెరుచుకునే లాక్ ఉన్నదే ఎంచుకోండి. ఊడదీసే మూత ఉన్నది వద్దు, దానికి రెండు చేతులూ కావాలి.

స్ప్రే బదులు ఇంకేమున్నాయి

కారం పొట్లం మన అమ్మమ్మల కాలం నుంచి ఉన్నదే. ఖర్చు లేదు, దగ్గర పెట్టుకోవడానికి మన దేశంలో చట్టం అడ్డురాదు. అయితే చెయ్యందేంత దగ్గరికి మనిషి వచ్చాకే పనికొస్తుంది, గాలి ఎదురైతే మన కళ్లలోనే పడుతుంది. కారం నీళ్లు కలిపి అత్తరు సీసాలో పోసుకోవడం ఇంకా నమ్మలేనిది. నలకలు అడ్డుపడి సీసా నోరు మూసుకుపోతుంది, అవసరానికి రాదు.

షాకిచ్చే పరికరాలు ఆన్‌లైన్‌లో టార్చిలైటు రూపంలో కనిపిస్తాయి. వీటి జోలికి పోవద్దు. 2016 ఆయుధాల నియమాలు విద్యుత్ షాక్‌తో మనిషిని పడేసే పరికరాలను తమ పరిధిలోకి తెచ్చాయి. స్ప్రేకు లేని లైసెన్సు చిక్కు వీటికి ఉంది. పైగా ఒంటికి ఆనించితే తప్ప పనిచేయవు. కత్తి కూడా వద్దే వద్దు. లాక్కుంటే అది మన మీదకే వస్తుంది, కోర్టులో ఆత్మరక్షణ అని నిరూపించుకోవడమూ కష్టమవుతుంది.

పిన్ను లాగితే చెవులు చిల్లులు పడేలా మోగే చిన్న అలారాలు ఉన్నాయి. ఇళ్ల మధ్య, హాస్టల్ వీధుల్లో, నెల్లూరు మాగుంట లేఅవుట్‌లాంటి చోట ఇది మంచి సాధనం. ఎవరికీ హాని లేదు, దాదాపు ఏ దేశంలోనైనా పెట్టుకోవచ్చు. హైవే పక్కన చేలగట్టు మీద మోగితే మాత్రం వినేవాళ్లు ఉండరు.

ఫోను తప్పదు. 112 ఎవరికైనా, 181 ఆడవాళ్లకు. మన రాష్ట్రంలో శక్తి యాప్ ఉంది, 2025 మార్చి 8న మార్కాపురంలో ముఖ్యమంత్రి ప్రారంభించారు. దాంట్లో ఎస్ఓఎస్ నొక్కితే మీరెక్కడున్నారో పోలీసులకు తెలుస్తుంది. డౌన్‌లోడ్ చేసి వదిలేయకుండా పేరు, ఇంటివాళ్ల నంబర్లు నింపి పెట్టుకోండి. స్ప్రే మీకు కొన్ని నిమిషాలు సంపాదించి పెడుతుంది, ఆ నిమిషాల్లో సాయం రావాలంటే ఫోనే దిక్కు. ఈ రెంటిలో ఒకటే ఎంచుకోమంటే నేను ఎంచుకోను, రెండూ ఉండాలి.

పెట్టుకోవడానికి అడ్డు లేదు, నొక్కడానికి లెక్క ఉంది

లైసెన్సు లేదు కాబట్టి ఎప్పుడైనా ఎవరి మీదైనా కొట్టొచ్చు అనుకునేవాళ్లు ఉన్నారు. అక్కడ జాగ్రత్తగా ఉండాలి.

2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. ఆత్మరక్షణ హక్కు అందులో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లలో ఉంది. మన ఒంటిని మాత్రమే కాదు, పక్కనున్న ఇంకొకరిని కాపాడటానికి కూడా ఆ హక్కు వర్తిస్తుంది. ఎదుటివాడు తాగి ఉన్నా, మతి స్థిమితం లేనివాడైనా హక్కు పోదు. దెబ్బ పడేదాకా ఆగనక్కర్లేదు, ప్రమాదం వస్తుందన్న న్యాయమైన భయం కలిగిన క్షణం నుంచే హక్కు మొదలవుతుంది. ఆ భయం తీరగానే ముగుస్తుంది. పోలీసుల సాయం తీసుకునేంత వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు లేదు. అవసరానికి మించిన హాని చేయడానికీ లేదు. అంటే మీదకొస్తున్నవాడి ముఖాన కొట్టి పరుగెత్తితే అది ఆత్మరక్షణ. వాడు కూలబడి కళ్లు నలుపుకుంటుంటే మళ్లీ దగ్గరకెళ్లి డబ్బా ఖాళీ చేస్తే అది దాడి.

2024లో కర్ణాటక హైకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. ఆస్తి దగ్గర జరిగిన గొడవలో పెప్పర్ స్ప్రే వాడినవాళ్లు తమ మీద కేసు కొట్టేయమని అడిగారు, ఆత్మరక్షణ కోసమే కొట్టామన్నారు. ప్రాణానికి తక్షణ ముప్పు కనిపించడం లేదని, పెప్పర్ స్ప్రే ప్రమాదకరమైన ఆయుధమేనని చెబుతూ కోర్టు కేసు కొట్టేయడానికి ఒప్పుకోలేదు. ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరిస్తే న్యాయ సంహిత 118 సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 20 వేల రూపాయల వరకు జరిమానా ఉండొచ్చు. గట్టు తగాదాకు, పార్కింగు గొడవకు, మాటామాటా పెరిగినప్పుడు ఈ డబ్బా తీయకూడదు. మగపిల్లలు సరదాకు క్లాసులో నొక్కడం కూడా నేరం కిందికే వస్తుంది. చాలా డబ్బాల మీద 18 ఏళ్లు నిండినవాళ్లకే అని రాసి ఉండేది అందుకే. ఇంటర్ పిల్లకు ఇస్తే ఎప్పుడు వాడాలో ఎప్పుడు వాడకూడదో తల్లిదండ్రులు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పి ఇవ్వాలి.

దేశం దాటితే రూలు మారుతుంది

నెల్లూరు, ఒంగోలు నుంచి చదువులకు వెళ్లే పిల్లలు ఎక్కువగా అమెరికా, ఇంగ్లండ్, ఐర్లండ్, కెనడా, ఆస్ట్రేలియా వెళ్తున్నారు. వీటిలో అన్ని చోట్లా ఒకే రూలు లేదు.

అన్నిటికంటే ముందు విమానం. చెన్నైలో ఎక్కినా రేణిగుంటలో ఎక్కినా పెప్పర్ స్ప్రే చేతి బ్యాగులో పెట్టకూడదు. అంతర్జాతీయ విమానయాన నిబంధనల ప్రకారం చెక్-ఇన్ లగేజీలో కూడా కుదరదు. కాబట్టి ఇక్కడ కొని అక్కడికి పంపించే ఆలోచన మానుకోండి. అక్కడ రూలు ఒప్పుకుంటే అక్కడే కొనుక్కోవాలి.

లైసెన్సు రూలు మారడమంటే ఎలా ఉంటుందో చెప్పడానికి అమెరికాలోని మసాచుసెట్స్ మంచి ఉదాహరణ. బోస్టన్ ఉన్నది ఆ రాష్ట్రంలోనే. 2014 దాకా అక్కడ పెప్పర్ స్ప్రే పెట్టుకోవాలంటే తుపాకులకు ఇచ్చే గుర్తింపు కార్డు ఉండాల్సిందే. స్థానిక పోలీసులకు దరఖాస్తు చేసి, వాళ్లు విచారించి కార్డు ఇచ్చాకే హ్యాండ్‌బ్యాగులో స్ప్రే. రాత్రిపూట ఇంటికి నడిచే అమ్మాయి తనను కాపాడుకోవడానికి తుపాకీ యజమాని వరుసలో నిలబడాలన్నమాట. 2014 ఆగస్టులో గవర్నర్ డెవల్ పాట్రిక్ సంతకం చేసిన చట్టంతో 18 ఏళ్లు నిండినవాళ్లకు ఆ కార్డు అవసరం పోయింది. 15 నుంచి 17 ఏళ్ల వాళ్లకు మాత్రం కార్డు షరతు అలాగే ఉంచారు. అమ్మేవాళ్లకు కూడా లైసెన్సు షరతు ఉంచారు. అందుకే ఎక్కడి నుంచో ఆన్‌లైన్‌లో తెప్పించుకుందామంటే అక్కడ కుదరకపోవచ్చు, లైసెన్సున్న షాపుకు వెళ్లి కొనుక్కోవాలి. ఈ మార్పు సరైనదే అని నా గట్టి అభిప్రాయం. తుపాకీ ప్రాణం తీస్తుంది, స్ప్రే పారిపోవడానికి దారి ఇస్తుంది. రెంటికీ ఒకే కాగితం అడగడం వల్ల నష్టపోయింది ఆడవాళ్లే. అమ్మేవాడి మీద షరతు ఉంచడం మాత్రం నాకు నచ్చింది, మన దగ్గర కూడా డబ్బాలో ఏముందో, ఎంత ఉందో అచ్చువేయమని అమ్మేవాడిని కట్టడి చేస్తే బాగుండు.

మిగతా రాష్ట్రాల్లో చాలాచోట్ల లైసెన్సు లేదు గానీ సైజుకు, వయసుకు పరిమితులు ఉన్నాయి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో 18 ఏళ్లు నిండాలి, డబ్బాలో ముప్పావు ఔన్సు కంటే ఎక్కువ ఉండకూడదు. అంటే సుమారు 21 గ్రాములు, మన 55 మిల్లీలీటర్ల డబ్బా అక్కడ పరిమితి దాటిపోతుంది. కాలిఫోర్నియాలో రెండున్నర ఔన్సుల దాకా, అంటే 70 గ్రాముల దాకా ఒప్పుకుంటారు. న్యూయార్క్ చట్టం దీన్ని అమ్మే అధికారాన్ని ఫార్మసిస్టులకు, లైసెన్సున్న తుపాకుల డీలర్లకు ఇచ్చింది. డాలస్, హ్యూస్టన్ వైపు వెళ్లేవాళ్లకు టెక్సస్‌లో మామూలుగా షాపుల్లో అమ్మే చిన్న డబ్బాకు అడ్డు లేదు. రాష్ట్ర చట్టం ఒప్పుకున్నా కొన్ని యూనివర్సిటీలు, హాస్టళ్లు ఒప్పుకోవు. చేరిన వారంలోనే క్యాంపస్ పోలీసులను అడిగి తెలుసుకోవడం మంచిది, వాళ్లు చెబుతారు.

ఇంగ్లండ్ వెళ్లేవాళ్లు స్ప్రే మాటే మర్చిపోండి. 1968 తుపాకుల చట్టం 5వ సెక్షన్ కింద అది నిషిద్ధ ఆయుధం, బ్యాగులో దొరికితే చాలు నేరం. అక్కడి పోలీసులు ప్రజలకు చెప్పే సలహా ప్రకారం పూర్తిగా చట్టబద్ధమైన ఆత్మరక్షణ సాధనం పిన్ను లాగితే మోగే అలారమే. ఐర్లండ్‌లో కూడా స్ప్రే నిషేధమే. కెనడాలో మనుషుల మీద వాడే స్ప్రే నిషిద్ధ ఆయుధం. అడవుల్లో ఎలుగుబంట్ల కోసం అమ్మే స్ప్రే షాపుల్లో దొరుకుతుంది కదా అని మనుషుల కోసం దాన్ని బ్యాగులో వేసుకుంటే అదీ నేరమే. విద్యార్థి వీసా మీద ఉన్న పిల్లకు ఇలాంటి కేసు పడితే చదువుకే ఎసరు. ఆస్ట్రేలియాలో చాలా రాష్ట్రాల్లో కుదరదు. వెస్టర్న్ ఆస్ట్రేలియాలో తగిన కారణం ఉంటే పెట్టుకోవచ్చు. నార్తర్న్ టెరిటరీలో 2025 సెప్టెంబరులో 18 ఏళ్లు నిండినవాళ్లకు ప్రయోగాత్మకంగా అనుమతి ఇచ్చారు. ఈ రూల్స్ ఎప్పటికప్పుడు మారుతున్నాయి కాబట్టి, సీనియర్లు మూడేళ్ల కింద చెప్పిన మాట మీద ఆధారపడకుండా, వెళ్లేముందు ఆ రాష్ట్ర పోలీసుల వెబ్‌సైట్ చూసుకోండి.

ఎవరికి ఏది

బస్సులో వచ్చి పల్లెలోకి నడిచే విద్యార్థినికి 35 మిల్లీలీటర్ల ధార రకం స్ప్రే, ఫోనులో శక్తి యాప్. హాస్టల్లో ఉండి వీధి దాటి కోచింగుకు వెళ్లే అమ్మాయికి అలారం చాలు, స్ప్రే కూడా ఉంటే మంచిదే. స్కూటీ మీద ఒంటరిగా వెళ్లే ఉద్యోగినికి ధార రకమే, కానీ జేబులోనో ముందు హుక్కుకు తగిలించిన పర్సులోనో ఉండాలి.

రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో షిఫ్టులకు వెళ్లే ఆడవాళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. కంపెనీ బస్సు రోడ్డు మీద దింపేస్తే అక్కడి నుంచి కాలనీకి చీకట్లో నడిచేది వాళ్లే. ఆహార పదార్థాలు తయారయ్యే చోటుకు స్ప్రే తీసుకెళ్లనివ్వరు, తీసుకెళ్లడం సరైందీ కాదు. సూపర్‌వైజరుకు ముందే చెప్పి లాకర్లో పెట్టుకునే ఏర్పాటు అడగండి. నలుగురైదుగురు కలిసి దిగేవాళ్లయితే అందరూ కొననక్కర్లేదు, ఇద్దరి దగ్గరుంటే చాలు. ఖర్చు పంచుకోవచ్చు. నా మటుకు నాకు బస్సును కాలనీ దాకా తిప్పించమని కంపెనీని గట్టిగా అడగడం ఏ స్ప్రేకంటే కూడా ముఖ్యం.

ఆస్తమా ఉన్నవాళ్లు, ఇంట్లో పసిపిల్లలు ఉన్నవాళ్లు పొగ రకం ఇంట్లోకే తేవద్దు. ఏ రకమైనా పిల్లల చేతికందని చోట పెట్టండి.

వాడాల్సి వస్తే

గాలి ఎటు ఉందో చూసుకోండి. చెయ్యి పూర్తిగా చాచి, కళ్ల మీదకు గురిపెట్టి, ఒకటి రెండు సెకన్లు నొక్కి వెంటనే పక్కకు తప్పుకుని పరుగెత్తండి. ఫలితం చూడటానికి నిలబడొద్దు. తాగినవాళ్ల మీద, మత్తులో ఉన్నవాళ్ల మీద ఒక్కోసారి సరిగా పనిచేయదు. పరుగెడుతూ "కాపాడండి" అని అరవండి, వెలుతురున్న చోటుకు, షాపు దగ్గరకు, గుడి దగ్గరకు చేరుకోండి. అక్కడి నుంచి 112.

పొరపాటున మీ మీద పడితే కళ్లు నలపొద్దు. లెన్సులు ఉంటే తీసేసి చల్లటి నీళ్లు ధారగా పోసుకుంటూ, రెప్పలు టపటపలాడిస్తూ గాలి తగిలేలా ఉండండి. పాలు పోస్తే తగ్గుతుందంటారు, నీళ్లకంటే అది ఎక్కువేమీ చేయదు. నూనె, క్రీము రాయకండి, మిర్చి సారం చర్మానికి ఇంకా పట్టుకుంటుంది. గంట దాటినా చూపు మసకగా ఉంటే, ఊపిరి సరిగా ఆడకపోతే ఆసుపత్రికి వెళ్లండి.

తర్వాత స్టేషన్‌కు ముందు మీరే వెళ్లండి. "పరువు పోతుంది, వదిలెయ్" అనేవాళ్లు ఇంట్లోనే ఉంటారు, కానీ అవతలివాడు ముందు వెళ్లి "నా మీద ఏదో కొట్టింది" అని రాసిస్తే మీరు జవాబు చెప్పుకునే స్థితిలో పడతారు. జరిగిన చోటు ఏ స్టేషన్ కిందికి వస్తుందో తెలియకపోయినా పర్వాలేదు. కొత్తగా వచ్చిన ఇంకో చట్టం, భారతీయ నాగరిక్ సురక్ష సంహిత ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకుని జీరో ఎఫ్ఐఆర్ రాయాలి. సింగరాయకొండ దగ్గర జరిగితే కావలిలో ఇవ్వొచ్చు, గూడూరులో జరిగితే నెల్లూరులో ఇవ్వొచ్చు. ఎన్ని గంటలకు, ఎక్కడ, అతను ఏం చేశాడు, మీకు ఎందుకు భయం వేసింది, ఎన్నిసార్లు నొక్కారు అన్నది వరుసగా రాయండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇస్తారు, అడిగి తీసుకోండి. వాడిన డబ్బాను కడగొద్దు, పారేయొద్దు. అలాగే కవర్లో వేసి, కొన్న బిల్లు ఫోనులో ఉంటే దాంతో సహా, ఫిర్యాదుతో పాటు వాళ్లకు చూపించండి.